మ్యూట్‌లో మోగిన గంట

వన్ టౌన్‌లో మా పారాయణ మండలి ఒక మిర్చి గోడౌన్ మీద ఉంటుంది. కింద బస్తాలు దించుతుంటే పైన మేము సహస్రనామం చదువుతుంటాం. సరుకు ఎక్కువగా వచ్చే రోజుల్లో సగం నామాలు తుమ్ములతో కలిసే స్వామి దగ్గరికి వెళ్తాయి. ఆయన ఏనాడూ అభ్యంతరం చెప్పలేదు.

ఆటోనగర్‌లో నాకు లారీ స్పేర్ పార్టుల దుకాణం ఉంది. శనివారం నాలుగున్నరకే షట్టర్ దించి, చేతుల గ్రీజు వదిలేదాకా రుద్ది కడుక్కుని, ఇంటికెళ్లి స్నానం చేసి, పంచె కట్టుకుని ఆరింటికల్లా ఆ గోడౌన్ మెట్లెక్కడం నాకు ఇరవై ఏళ్లు పైబడిన అలవాటు. మాది చల్లపల్లి దగ్గర పల్లెటూరు. అక్షరాలకంటే ముందు నామాలే నేర్చుకున్నాను. బతుకుతెరువు బేరింగుల్లో, బ్రేక్ డ్రమ్ముల్లో పడినా, నా దృష్టిలో నేను ముందు భక్తుణ్ణి, తర్వాతే వ్యాపారిని. నా దగ్గర సరుకు కొన్నవాళ్ల అభిప్రాయం వేరుగా ఉండొచ్చు.

ఇంటర్నెట్టును ఎవరు పాలించాలి అన్న ప్రశ్న నాలాంటివాడి దాకా రావడానికి కారణం ఒక గంట. ముందు ఆ గంట సంగతి చెప్పాలి.

మండలిని మొదలుపెట్టిన మా గురువుగారు హాలు మధ్యలో ఒక ఇత్తడి పళ్లెం, అందులో ఒక చేతిగంట పెట్టించారు. పారాయణంలో ఒకరు చదువుతారు, మిగతావాళ్లు వెంట పలుకుతారు. చదివేవాళ్లు ఎక్కడైనా తప్పినా, ఒక పాదం ఎగిరిపోయినా, విన్నవాళ్లు ఎవరైనా సరే లేచి ఆ గంట మోగించొచ్చు. గంట మోగిందంటే చదివేవాళ్లు నోరు మూసుకోవాలి. వాదించకూడదు. శ్లోకం మొదటినుంచి మళ్లీ అందుకోవాలి. తర్వాత పుస్తకం తెరిచి చూస్తారు. మోగించినవాళ్లదే పొరపాటని తేలితే, వచ్చే శనివారం ప్రసాదానికి శనగ గుగ్గిళ్లు వాళ్లే చేసుకుని రావాలి. అంతే చట్టం. ఈ రెండు మాటలతో మా మండలి ఇన్నేళ్లు నడిచింది. గంట కొట్టడానికి ఎవరూ భయపడలేదు, ఊరికే కొట్టడానికి ఎవరూ సరదాపడలేదు. గుగ్గిళ్లంటే ముందురోజే శనగలు నానబెట్టాలి కదా.

ఆ గంట ఎక్కువసార్లు మోగించింది ఒక చేపలమ్మే ఆవిడ. మేమంతా పెద్దమ్మ అంటాం. కొల్లేటి ఒడ్డు పల్లె నుంచి ఈ ఊరికి కోడలుగా వచ్చింది. పొద్దున్నే మార్కెట్లో కొర్రమీను, బొచ్చె అమ్ముతుంది. శనివారాలు మాత్రం బుట్ట ముట్టదు, తలంటుకుని తడి జుట్టుతోనే వచ్చేస్తుంది. చదువు రాదు. వెయ్యి నామాలూ చెవి ద్వారా పట్టింది. మా మండలి భక్తులు ఆవిడ చాపను మిగతా చాపలకు మూరెడు దూరంలో వేసేవారు. గాలి ఆడటానికి అనేవారు. ఆ మూరెడు జాగాలోనే గురువుగారు గంట పళ్లెం తెచ్చి పెట్టేవారు. దాంతో గంటకు అందరికంటే దగ్గరగా ఉండేది ఆవిడే.

ఒకసారి బట్టల కొట్టు యజమాని ఒకాయన చదువుతుంటే ఆవిడ గంట కొట్టింది. ఆయన ఎర్రబడి, చదవడం రానావిడ నా చదువు తప్పుపడుతుందేంటండీ అన్నాడు. గురువుగారు పుస్తకం మీంచి తల ఎత్తలేదు. "చదవడం ఆవిడకు రాదు, నిజమే. వినడం వచ్చు. నువ్వు చదివేది ఎవరో ఒకరు వినాలనేగా?" అన్నారు. బట్టల కొట్టాయన శ్లోకం మొదటినుంచి అందుకున్నాడు. ఆ రోజు తప్పు ఆయనదే.

గురువుగారు పోయాక కార్యదర్శి బాధ్యత ఒక రిటైర్డ్ సూపరింటెండెంటు గారి మీద పడింది. ఆయన మనసు చెడ్డది కాదు. ఫైలు లాంటిది. ఏ విషయమైనా అందులోకి వెళ్తే పదిలంగా ఉంటుంది, బయటికి రావడమే కష్టం. ఆ ఏడాది వానలకు గోడౌన్ మెట్లు ఒక పక్కకు కుంగాయి. మెట్లు బాగుచేసేదాకా పారాయణం ఫోన్లలో, వీడియో మీటింగులో పెట్టుకుందామని ఆయన ప్రతిపాదించారు. శ్రావణంలో మొదలుపెట్టాం. మెట్లు నెలలోపే బాగయ్యాయి. ఈలోగా అందరికీ మోకాళ్లు గుర్తుకొచ్చాయి. ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని, కింద లుంగీ, పైన కండువాతో పారాయణం చేసుకోవచ్చని తెలిశాక ఆ మెట్లు మళ్లీ ఎవరెక్కుతారు? నేనూ ఎక్కలేదు.

మేము ఒక్క అక్షరం జారితే గంట కొట్టే జనం. ఆ యాప్ ఫోన్లో పెట్టుకునేటప్పుడు చాంతాడంత షరతులు వచ్చాయి. నలభైమందిమి ఉన్నాం. ఒక్కరమూ ఒక్క వాక్యం చదవలేదు. 'అంగీకరిస్తున్నాను' అని నలభై వేళ్లు నొక్కాయి. పూజకు ముందు సంకల్పంలో ఏ నదుల మధ్య ఉన్నామో, ఏ ఊళ్లో ఉన్నామో, ఎవరి సంతానమో స్వామికి చెప్పుకుంటాం. యాప్ కూడా ఇంచుమించు అవే అడిగింది. గోత్రం బదులు కాంటాక్టులు అడిగింది. అన్నీ చెప్పుకున్నాం. తేడా ఏంటంటే, స్వామికి చెప్పింది ఆయన మూడో మనిషికి చెప్పడు. రెండో వారానికల్లా నా ఫోన్లో మోకాళ్ల నొప్పుల తైలాలు వరసకట్టాయి.

మొదటి శనివారం గోలగోలగా జరిగింది. ఒకరింట్లో కుక్కరు కూసింది, ఒకరింట్లో సీరియల్లో అత్తగారు ఏడ్చింది, ఎవరి వీధిలోనో ఉల్లిపాయల బండివాడు మైకు పెట్టాడు. రెండో శనివారం నుంచి కార్యదర్శి గారు అందర్నీ మ్యూట్ చేసేశారు. చదివేది ఆయనే, వినపడేది ఆయన గొంతొక్కటే. మాకందరికీ హాయిగా అనిపించింది. బాగుందండీ, ప్రశాంతంగా ఉంది అని మండలి ఫోన్ గ్రూపులో రాసినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇత్తడి గంటను భద్రత కోసం ఆయన తన ఇంటికే పట్టుకెళ్లారు. తెర మీద ఆయన వెనక, షోకేసులో, మనవడి క్విజ్ కప్పుల పక్కన అది మెరుస్తూ కనపడేది.

పెద్దమ్మ తన కోడలి ఫోన్ మంచం మీద దిండుకు ఆనించి, ఎదురుగా పీట మీద కూర్చునేది. చిన్న చదరంలో ఆవిడ ముఖం సగమే పడేది. ఆ సగం ముఖమూ ఒక్కో శనివారం పారాయణం మధ్యలో అటూ ఇటూ ఊగుతూ, చెయ్యి పైకెత్తి ఏదో ఆడిస్తూ కనపడేది. ఆవిడకు భక్తి పారవశ్యం వచ్చిందనుకున్నాం. ఒకాయన గ్రూపులో, చూడండి నిరక్షరాస్యుల భక్తి ఎంత స్వచ్ఛమైనదో అని కూడా రాశాడు.

కార్తీకం వచ్చేసరికి ఆవిడ గ్రూపులో వాయిస్ మెసేజీలు పెట్టడం మొదలుపెట్టింది. మాట ఉండేది కాదు, ఉత్త గంట మోత. టంగు టంగుమని పది క్షణాలు. మర్నాడు మళ్లీ. మూడో మెసేజీకి కార్యదర్శి గారికి విసుగొచ్చింది. క్రమశిక్షణ దృష్ట్యా ఒక సభ్యురాలిని తాత్కాలికంగా తొలగించడమైనది అని రాశారు. కింద వరసగా నమస్కారం బొమ్మలు పడ్డాయి. నేనూ ఒక నమస్కారం పెట్టాను. ఎవరికి పెట్టానో ఇప్పటికీ చెప్పలేను.

ఆ తర్వాత సోమవారం మధ్యాహ్నం ఆవిడ ఆటో దిగి నా దుకాణానికి వచ్చింది. చుట్టుపక్కల లేత్ మిషన్ల రొదకు రెండు చేతులతో చెవులు మూసుకుని, బ్రేక్ డ్రమ్ముల మధ్య నుంచి జాగ్రత్తగా అడుగులేసుకుంటూ వచ్చి స్టూలు మీద కూర్చుంది. నేను టీ తెప్పించాను. తాగలేదు. శ్రావణమాసం నుంచీ ఒక శ్లోకం పోతోందని చెప్పింది. కార్యదర్శి గారు ఒక చోట ఒక శ్లోకం దాటేసి పక్క శ్లోకంలోకి దూకుతున్నారనీ, మొదటి వారం పొరపాటేమో అనుకుందనీ, వారం వారం అక్కడే దూకుతుంటే ఇక లాభం లేదని ఒక చిన్న గంట కొనుక్కొచ్చి ఫోన్ ముందు మోగిస్తోందనీ చెప్పింది.

నేను నవ్వి, అలా జరగదు పెద్దమ్మా అన్నాను. తెర మీద అక్షరాలు కూడా వస్తాయి, ఆయన అవి చూసే చదువుతారు, మేమంతా చూస్తూనే ఉంటాం అని వివరంగా చెప్పాను.

"తెర మీద ఉన్నయ్యన్నీ ఉన్నాయి బాబూ. లేనిది ఎట్టా కనపడుద్ది?" అంది.

దుకాణంలో దేవుడి పటం వెనక గురువుగారు ఇచ్చిన పాత అచ్చు పుస్తకం ఉంది. ఆవిడ తృప్తి కోసం తీశాను. ఫోన్లో కార్యదర్శి గారు ఏదో సైటు నుంచి దించి పంపిన పీడీఎఫ్ తెరిచి పక్కపక్కన పెట్టి చూశాను. ఒక పేజీ అడుగున చివరి శ్లోకం పుస్తకంలో ఉంది. ఫోన్లో లేదు. ఎక్కించినవాళ్లెవరో పేజీ తిప్పే తొందరలో వదిలేశారు. స్వామికి మేము వెయ్యి నామాలని చెప్పి, వారం వారం ఎనిమిది తగ్గించి చదువుతున్నాం.

ఆ శ్లోకం నాకు కంఠతా వచ్చు. నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. మరి ఇన్ని శనివారాలు నా చెవికి ఎందుకు తగల్లేదు? కళ్లు తెర మీద ఉన్నాయి, గొంతు మ్యూట్‌లో ఉంది, నిజం చెప్పాలంటే మధ్యమధ్యలో క్లచ్ ప్లేట్ల ఆర్డర్లు కూడా అదే ఫోన్లో చూసుకున్నాను. హాలులో ఉన్నప్పుడు ఎవరైనా గంట కొడతారేమో అని ఒళ్లు దగ్గర పెట్టుకుని పలికేవాణ్ణి. గంట లేదని తెలిశాక బుద్ధి కూడా కండువా తీసి పక్కన పెట్టింది.

నేను అపరాధం అపరాధం అంటూ చెంపలు వేసుకుంటుంటే ఆవిడ ఆపింది.

"స్వామి సంగతి స్వామి చూసుకుంటాడులే. ఎనిమిది పేర్లు తగ్గితే పలక్కుండా ఉంటాడా? నా సంగతి చెప్పు. నా గంట మీకు ఇనపడట్లా. కొట్టానని తీసేశారు. ఇంతకీ నేను మండలిలో ఉన్నట్టా, లేనట్టా?"

ఉన్నట్టే అన్నాను. నా గొంతు నాకే నమ్మకంగా లేదు.

కార్యదర్శి గారింటికి వెళ్లాను. ఆయన రెండు పాఠాలూ చూశారు, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. తర్వాత కంప్యూటర్ తెరిచి నాలుగు సైట్లు చూపించారు. నాలుగింటిలోనూ ఆ శ్లోకం లేదు. అన్నిచోట్లా ఇలాగే ఉంది కదండీ, బహుశా ఇదే ప్రామాణికమేమో అన్నారు. ఒకడు వదిలేసింది మిగతా ముగ్గురూ అచ్చంగా ఎత్తుకున్నారని నేనన్నాను. ఆయన దాన్ని పరిశీలనలో ఉంచుతానన్నారు. పెద్దమ్మను మళ్లీ చేర్చుకునే విషయం అడిగితే, తొలగింపు తాత్కాలికమే కాబట్టి తొందరేం లేదన్నారు. వెనక షోకేసులో గంట మమ్మల్నే చూస్తోంది.

ఆ పీడీఎఫ్ పెట్టిన సైటుకు ఫిర్యాదు చేద్దామని నేనే కూర్చున్నాను. 'మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది' అని ఉంది. ఫిర్యాదు ఏ రకమో ఎంచుకోమంది. అశ్లీలం, హింస, మోసం, ఇతరుల సొత్తు కాజేయడం, ఇతరములు. స్వామి పేర్లు తగ్గడం ఇందులో దేని కిందికి వస్తుందో చాలాసేపు ఆలోచించి ఇతరములు నొక్కాను. రెండు నిమిషాల్లో జవాబొచ్చింది. మీరు తెలిపిన అంశాన్ని క్షుణ్ణంగా పరిశీలించాం, మా నియమాలకు విరుద్ధంగా ఏదీ కనపడలేదు, సమస్య పరిష్కరించబడినది. ఆ పరిశీలించిన 'మేము' ఎవరో, ఏ దేశంలో ఉంటారో, వాళ్లకు తెలుగు వచ్చో రాదో ఎక్కడా లేదు. నిరాకారుడైన భగవంతుణ్ణి నేను చిన్నప్పుడే ఒప్పుకున్నాను. నిరాకారమైన కస్టమర్ కేర్‌ను మాత్రం ఇంకా ఒప్పుకోలేకపోతున్నాను. భగవంతుడు కనీసం, సమస్య పరిష్కరించబడినది అని రెండు నిమిషాల్లో అబద్ధం చెప్పడు.

ఇదంతా నడుస్తుండగా మండలికి ఒక ఆహ్వానం వచ్చింది. బందరు రోడ్డు మీద ఒక పెద్ద హోటల్లో 'ఇంటర్నెట్ పాలన ఎవరి చేతిలో ఉండాలి' అనే అంశంపై ప్రజాభిప్రాయ సేకరణ. ఆధ్యాత్మిక సంస్థల తరఫున మా మండలి నుంచి ముగ్గురు రావాలట. అందులో ఒక మహిళ, ఒక చిన్న వ్యాపారి తప్పనిసరి అని నక్షత్రం గుర్తు పెట్టి మరీ రాశారు. కార్యదర్శి గారు నాకు ఫోన్ చేశారు. చిన్న వ్యాపారిగా మీరు రండి అన్నారు. కాస్త ఆగి, ఆ పెద్దమ్మ గారిని కూడా తీసుకురాగలరా, ఆవిడ మహిళా అవుతారు, శ్రామికవర్గమూ అవుతారు అన్నారు. గ్రూపులో లేని మనిషి గ్రూపు తరఫున ఎలా వస్తుందండీ అని అడిగాను. అది వేరే ఫైలు అన్నారు.

పెద్దమ్మకు చెప్పాను. అక్కడ ఇంటర్నెట్టు పెద్దలంతా వస్తారా అని అడిగింది. వస్తారన్నాను. మ్యూట్ పెట్టేవాళ్లు కూడానా అంది. వాళ్లే ముఖ్యంగా వస్తారన్నాను. పట్టుచీర కట్టుకుని, గుడ్డసంచి చంకన పెట్టుకుని బయల్దేరింది.

వేదిక మీద నాలుగు కుర్చీలు, నాలుగు పూలగుత్తులు, నాలుగు పేరు పలకలు ఉన్నాయి. ఒక కుర్చీలో ప్రభుత్వాధికారి, ఒక దాంట్లో ఒక పెద్ద కంపెనీ ప్రతినిధి, ఒక దాంట్లో విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన నిపుణుడు. నాలుగో కుర్చీ ఖాళీ. దాని ముందు పలక మీద 'సామాన్య వినియోగదారు' అని ఉంది. ఆయనకు ట్రాఫిక్‌లో ఆలస్యమైందట, వస్తారట. మమ్మల్ని ఒక స్తంభం వెనక కూర్చోబెట్టారు. మెడ ఎడమకు వంచితే అధికారి, కుడికి వంచితే కంపెనీ కనపడతారు. నిపుణుడు కనపడాలంటే లేచి నిలబడాలి.

అధికారి గారు, ఇంత పెద్ద వ్యవస్థకు అదుపు ఉండాలి, ఆ అదుపు ప్రజలెన్నుకున్న ప్రభుత్వం దగ్గరే ఉండాలి అన్నారు. కంపెనీ ఆయన, మేము వేదిక మాత్రమే ఇస్తాం, దాని మీద ఎవరేం మాట్లాడతారన్నది ప్రజల ఇష్టం అన్నారు. వేదిక తమదే అయినప్పుడు దింపేసే అధికారం కూడా తమదే అన్న సంగతి ఆయన చెప్పలేదు, ఎవరూ అడగలేదు. నిపుణుడు, సంబంధం ఉన్న వాళ్లందరికీ సమాన భాగస్వామ్యం ఉండాలని గంటకు తక్కువ కాకుండా చెప్పారు. నిజం చెప్పాలంటే ముగ్గురి మాటల్లోనూ న్యాయం ఉంది. పురాణ కాలక్షేపంలో కూడా ఇంత మంచి మాటలు ఇంత వరసగా వినలేదు. ముగ్గురూ సామాన్యుడే కేంద్రం అన్నప్పుడల్లా ఆ ఖాళీ కుర్చీ వైపు చేయి చూపించారు.

పెద్దమ్మ నా వైపు వంగి, మనల్ని ఎప్పుడు అడుగుతారు అంది. పక్కన ఉన్న కార్యకర్తను అడిగాను. ప్రశ్నలున్నవాళ్లు స్తంభం మీద అంటించిన చదరపు గుర్తును ఫోన్‌తో స్కాన్ చేసి, అందులో టైపు చేసి పంపాలట. ఎంపికైన ప్రశ్నలు సమయం మిగిలితే చదువుతారట. కోడలి ఫోన్ కోడలి దగ్గరే ఉంది. ఉన్నా పెద్దమ్మకు టైపు చేయడం రాదు. నేను స్కాన్ చేస్తే, ముందుగా ఈ షరతులకు అంగీకరించండి అని వచ్చింది. ఈసారి చదువుదామనుకున్నాను. చదువుతూ ఉండగానే నిపుణుడు మళ్లీ మైకు అందుకున్నారు.

అప్పుడు పెద్దమ్మ గుడ్డసంచిలోంచి తన గంట తీసి మోగించింది.

ఆ ఏసీ హాలులో అది ఖంగుమంది. నిపుణుడు వాక్యం మధ్యలో ఆగిపోయారు. అధికారి గారు వాచీ చూసుకున్నారు. ఇంతమంది పెద్దల్ని ఒక్క గంటతో ఆపింది, గురువుగారి చట్టం ఇక్కడ కూడా చెల్లింది అని నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతలో ముందు వరస మొత్తం లేచింది. వెనక వరసలు లేచాయి. కుర్చీలు కిర్రుమన్నాయి. హాలుకు హాలు భోజనాల వైపు కదిలింది. మధ్యాహ్న భోజనానికి గంట కొట్టారనుకున్నారు. ముందుగా గారెల దగ్గరికి చేరింది కంపెనీ ఆయన. కాసేపటికి కార్యక్రమ నిర్వాహకురాలు మైకులో, చక్కటి సంప్రదాయ పద్ధతిలో విరామం ప్రకటించిన వారికి ధన్యవాదాలు అని చెప్పారు.

హాలు ఖాళీ అయింది. పెద్దమ్మ మెల్లగా వేదిక ఎక్కి నాలుగో కుర్చీలో కూర్చుంది. మోకాళ్లు లాగుతున్నాయి బాబూ, కాసేపు కూర్చుంటా అంది. ఆవిడను ఎవరూ దిగమనలేదు. చూసినవాళ్లు లేరు. సామాన్య వినియోగదారు కోసం పెట్టిన నీళ్ల సీసా మూత తీసి గటగటా తాగింది.

కార్యదర్శి గారు ప్లేటు పట్టుకుని వచ్చారు. గ్రూపులో పెట్టడానికి ఆవిడను ఫోటో తీస్తానన్నారు. ఆవిడ చీర సర్దుకోలేదు, నవ్వలేదు.

"అయ్యా, ఇక్కడ వీళ్లెవరూ నన్ను ఎరగరు. గంట కొడితే అన్నానికి లేచారు, వాళ్ల తప్పేం లేదు. మీరు నన్ను ఎరుగుదురు కదా. ఆ గంట ఎందుకు కొడతామో కూడా ఎరుగుదురు. మీరెందుకు ఆగలా?"

కార్యదర్శి గారి ప్లేటులో సాంబారు ఇడ్లీ వైపు పాకింది. ఆయన ప్లేటును అధికారి గారి కుర్చీలో పెట్టి, జేబులోంచి ఫోన్ తీసి, ఇప్పుడే చేర్చేస్తానండీ అని వేలితో వెతకసాగారు. ఆ వేలికి నెయ్యి అంటుకుని ఉండటంతో ఫోన్ ఆ వేలిని గుర్తుపట్టలేదు.

"గ్రూపులోకి కాదయ్యా. గంట దగ్గరికి" అంది పెద్దమ్మ.

ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నారు. అప్పుడు నేను నోరు తెరిచాను. నేను చేసిన ఘనకార్యం ఏమీ లేదు, నా నమస్కారం బొమ్మ గురించి చెప్పాను. మ్యూట్ బాగుందని రాసిన మాట గురించీ, కంఠతా వచ్చిన శ్లోకం పోతుంటే గమనించని సంగతి గురించీ చెప్పాను. తప్పు మీ ఒక్కరిదే కాదండీ, మీరు నొక్కారు, మేము నలభైమందిమి నొక్కనిచ్చాం అన్నాను. ఈసారి ఆయన పరిశీలనలో ఉంచుతానని అనలేదు. ఆయన్ను ఎరిగినవాళ్లకు అది ఎంత పెద్ద మాటో తెలుస్తుంది.

మధ్యాహ్నం సభకు మేము ఉండలేదు. తర్వాత తెలిసింది, వినియోగదారుల వాణి సభలో స్పష్టంగా వినిపించిందని నివేదికలో రాశారట. అదీ ఒక రకంగా నిజమే.

ఆ శనివారం కార్యదర్శి గారు ఇత్తడి గంటను తుండులో చుట్టుకుని, మెట్టు మెట్టుకూ ఆగుతూ, తనే గోడౌన్ పైకి మోసుకొచ్చారు. గ్రూపులో ఆయన పెట్టిన మెసేజీ చూసి దాదాపు పాతిక మందిమి ఎక్కాం. మోకాళ్లు నిజంగానే పాడైనవాళ్ల కోసం ఒక స్టూలు మీద ఫోన్ పెట్టి, అందరి మ్యూటూ తీసేశారు. స్టీలు గ్లాసు, గరిటె దగ్గర పెట్టుకోండి, తప్పు వినపడితే కొట్టండి అని వాళ్లకు చెప్పారు. కుక్కరు కూసింది. సీరియల్ అత్తగారు ఏడ్చింది. కింద బస్తాలు దిగుతున్నాయి, పైన తుమ్ములు మొదలయ్యాయి. పోయిన శ్లోకాన్ని కార్యదర్శి గారు తెల్ల కాగితం మీద తన గుండ్రటి ఆఫీసు దస్తూరీతో రాసుకొచ్చి, పీడీఎఫ్ ప్రింటులో ఆ పేజీ అడుగున అంటించారు. మొదట ఆ ఎనిమిది నామాలూ వారానికొకసారి చొప్పున, పోయినన్ని సార్లూ కలిపి చదివించారు. లెంపలు వేసుకున్నాం. చాపలు వేసేటప్పుడు పెద్దమ్మ చాపను నేను మిగతా వాటికి ఆనించి వేశాను. గాలి బాగానే ఆడింది.

పారాయణం సగంలో పెద్దమ్మ గంట కొట్టింది. కార్యదర్శి గారు ఠక్కున ఆగారు. వాదించలేదు. శ్లోకం మొదటినుంచి చదివారు. తర్వాత నేను గురువుగారి పుస్తకం తెరిచి చూశాను. ఇంకోసారి చూశాను. కార్యదర్శి గారు చదివిందే సరి. పొరపాటు పెద్దమ్మది. చెప్పడానికి నా నోరు రాలేదు. ఇన్ని నెలల తర్వాత ఆవిడకు దక్కిన మొదటి గంట అది. నా ముఖం చూసి ఆవిడకే అర్థమైంది.

"తప్పు నాదే, చెప్పవయ్యా. తప్పయితే గుగ్గిళ్లు చేసుకొస్తా. దానికేముంది?" అంది. ఆవిడ ముఖం అంత వెలుగుతూ నేను ఎప్పుడూ చూడలేదు.

ఆ సైటులో శ్లోకం ఇప్పటికీ లేదు. నేను మళ్లీ రెండుసార్లు ఫిర్యాదు చేశాను. రెండుసార్లూ పరిష్కరించబడింది. ఇంటర్నెట్టును ఎవరు పాలించాలో ఆ హోటల్లో పెద్దలు తేల్చలేదు, నాకూ తెలియదు. నా ఆశ చిన్నది. వినేవాళ్ల చేతికి అందేలా ఒక గంట ఉంటే చాలు, అది మోగినప్పుడు చదివేవాడు ఆగితే చాలు. తప్పుగా గంట కొట్టినవాళ్లు గుగ్గిళ్లు తేవాలన్న నియమం ఆ యాప్ షరతుల్లో ఉందేమోనని ఒక ఆదివారం కూర్చుని ఆ చాంతాడు మొత్తం చదివాను. లేదు.

మరుసటి శనివారం పెద్దమ్మ పెద్ద గిన్నెనిండా గుగ్గిళ్లు తెచ్చింది. ఇంగువ పోపు, మామిడికాయ తురుము, కొబ్బరి ముక్కలు వేసింది. ఒకప్పుడు గాలి ఆడటానికి ఆవిడ చాప దూరంగా వేసినవాళ్లు రెండోసారి దొన్నె పట్టుకుని నిలబడ్డారు. కార్యదర్శి గారు ఒక గింజ నోట్లో వేసుకుని కాస్త ఆగారు. ఆయన చెయ్యి గంట పళ్లెం వైపు వెళ్తుందేమోనని పెద్దమ్మ ఓరగా చూసింది.

"ఉప్పు ఎక్కువైతే నోటితో చెప్పండయ్యా. గంట కొట్టక్కర్లా."